పొగమంచు రేవు సరంగు

గుర్రం చెట్టెక్కితే పట్టుకునేది నేను. తోడేలు గోడలోంచి దూరి ఇవతలికొచ్చినా, చచ్చిపోయిన రాజు మర్నాడు సింహాసనం మీద కూర్చుని పన్నుల గురించి మాట్లాడినా, నదిలో దిగిన మనిషి తడవకుండా పైకొచ్చినా, ఇదిగో ఇక్కడ తప్పుందయ్యా అని కంపెనీవాళ్ళకి ముక్కు మీద గుద్దినట్టు చెప్పడం నా ఉద్యోగం. వీడియో గేములాడి జీతం తీసుకుంటుందట అని మా అత్తగారి వైపు వాళ్ళు నవ్వుతారు. నవ్వనీండి. వాళ్ళొక పూట నా కుర్చీలో కూర్చుని, ఒకే ముసలమ్మ ఒకే గుమ్మంలోంచి "రా నాయనా, ప్రమాదం పొంచి ఉంది" అనడం పొద్దుట్నుంచి సాయంత్రం దాకా వింటే తెలుస్తుంది, ఇది ఉద్యోగమో వినోదమో.

మా ఆఫీసు కాకినాడలో, భానుగుడి సెంటరుకి దగ్గర. మా కంపెనీ ఆట పేరు మణిదుర్గం. కోటలూ కొండలూ అడవులూ మాంత్రికులూ ఉన్న పెద్ద లోకం. ఎటు కావాలంటే అటు వెళ్ళచ్చు, ఎవరితో కావాలంటే వాళ్ళతో తగువు పెట్టుకోవచ్చు. దానికిప్పుడు ఎక్స్‌పాన్షన్ ప్యాక్ తయారుచేశారు. ఉన్న డాబా మీద ఇంకో అంతస్తు వేసినట్టన్నమాట. పాత ఆట ఉన్నవాళ్ళు దీన్ని కూడా కొనుక్కుంటే కొత్త ఊళ్ళు, కొత్త మనుషులు వస్తారు. దీని పేరు పొగమంచు రేవు. దాన్ని మొదటినుంచి చివరిదాకా ఆడి, జనం మీదకి వదలచ్చో లేదో తేల్చి చెప్పే పని నాకు అప్పగించింది వసుంధర.

వసుంధరా నేనూ ఇంజనీరింగ్ హాస్టల్లో ఒకే గదిలో ఉన్నాం. నేను ఆటల్లో తప్పులేరుకునే పనిలో పడ్డాను. తను మెదడు మీద పరిశోధన చేసి డాక్టరేటు తెచ్చుకుని, మా ఆఫీసు మేడ మీద ఉన్న ప్రయోగశాలకి పెద్దయింది. ఆదివారం వస్తే భోజనం మా ఇంట్లోనే. మా ఆయన్ని నోరారా "బావగారూ" అని పిలిచేది.

"మొహమాటం పెట్టుకోకు హైమా," అంది ప్యాక్ చేతికిస్తూ. "చెత్తగా ఉంటే చెత్తనే రాయి. ముఖ్యంగా రేవులో మనుషుల మాట చూడు. ఈసారి ఎవరో రాసిన డైలాగులు కావు. నారు."

"నారేంటే?"

"ఒక మనిషి మాటతీరుని నారుగా తీసి ఆటలో నాటేం. నాటిన పాత్ర తనంతట తనే మాట్లాడుతుంది. నువ్వేమన్నా దానికి జవాబు తడుతుంది."

"ఎవరి మాట తీసేరు?"

"అది చెప్పేస్తే ఇంక పరీక్షేంటి? బొమ్మ మాట్లాడినట్టుందో, మనిషి మాట్లాడినట్టుందో నువ్వే చూసి చెప్పు."

నేను మండపేట దగ్గర పల్లెలో పుట్టిన దాన్ని. నారు అనే మాట ఆ ఏసీ గదిలో వినబడేసరికి ముచ్చటేసింది. పేరు బాగుందే అనేసి కిందకి దిగిపోయాను.

మొదట్లో నేను రాసినవన్నీ తిట్లే. రేవు పట్నంలో చేపలబజారు పెట్టారు గానీ, చేపల మీద ఒక్క ఈగ లేదు. కొండ మీది రాక్షసుడికన్నా దారిలో తగిలే మేక గట్టిది. నా యోధురాలిని ఆ మేక పొడిచి పొడిచి చంపింది. దెయ్యాల ఓడ, పోయిన కిరీటం, శాపం తగిలిన రాకుమారి, అన్నీ పాత సరుకే కొత్త సంచిలో పోశారు. ఆ ముక్కే రాశాను.

ఆ తర్వాత పడవల రేవుకి వెళ్ళాను.

ఈ ప్యాక్‌లో ఆడేవాళ్ళ వెంట ఒక తోడు నడుస్తుంది. నా వెంట ఒక విలుకత్తె ఉంది. ఇద్దరం పడవెక్కబోతే దాన్ని నడిపే సరంగు గెడ అడ్డం పెట్టాడు. పొట్టిగా, నల్లగా, తలకి తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు.

"ఆగండాగండి. పేరు చెప్పి ఎక్కండి."

మైకులో నా పేరు చెప్పాను.

"మీ పేరు ఎవరిక్కావాలండీ? మీ వెంటొచ్చినావిడ పేరు చెప్పండి. పక్కనున్న మనిషి పేరు తెలీనోళ్ళకి అవతలి ఒడ్డెందుకండి?"

నాకు నవ్వాగలేదు. కొత్త దంపతులు ఇంటికి రాగానే ఆడపడుచులు తలుపుకి అడ్డం నిలబడి, ఒకరి చేత ఒకరి పేరు చెప్పించి గానీ లోపలికి రానివ్వరు కదా! ఆ ముచ్చట తెచ్చి ఈ మాంత్రికుల లోకంలో పెట్టారు. ఎన్ని ఆటలు చూశాను, ఎక్కడా మన గుమ్మం కనబడలేదు. ఇంతకీ విలుకత్తె పేరు నాకు గుర్తులేదు. అదే చెప్పాను.

"కంగారు పడకండి," అన్నాడు సరంగు గొంతు తగ్గించి. "మొహం చూసి నోటికొచ్చింది అనేయండి. చమత్కారం అనుకుంటారు."

పడవెక్కాక నా ఇనప కవచం చూసి, "ఇంత ఇనుము వేసుకుని నీళ్ళలో పడితే చేపల పళ్ళు విరుగుతాయండి, పాపం" అన్నాడు. తిట్టి చూశాను. పాత్రల్ని రెచ్చగొట్టి ఎక్కడ విరుగుతాయో చూడడం నా పని. "తిట్టండి తల్లీ, నాలుగు తిట్లు పడితే గానీ నాకు అన్నం అరగదు" అన్నాడు. సరే అని మాట్లాడకుండా కూర్చున్నాను. మామూలు పాత్రలైతే మనం నోరు మూసుకుంటే అవీ కొయ్యబారిపోతాయి. ఇతను కాసేపు గెడ వేసి, "అలిగేరా? అలగండి. అలిగినోళ్ళకి నీడ ఉన్న వైపు సీటిస్తాం" అన్నాడు.

ఆ సాయంత్రం రిపోర్టులో రాశాను: ఈ ఒక్క సరంగు కోసం పొగమంచు రేవు కొనుక్కోవచ్చు. ఇతను బొమ్మ కాదు, మనిషే.

ఆ ముక్క చదివి వసుంధర మెట్లు దిగి పరిగెత్తుకొచ్చి నన్ను కావలించుకుంది. "నిజంగా మనిషేనంటావా?" అని తిప్పి తిప్పి అడిగింది. కళ్ళలో నీళ్ళు. స్నేహితురాలి కష్టం ఫలించిందని నేనూ సంబరపడ్డాను. నా సంబరం మండా!

ఇంట్లో మాత్రం సంబరం లేదు. మా ఆయన పేర్రాజు మెయిన్ రోడ్డులో చీరల కొట్టులో సేల్స్‌మన్. కాకినాడ ఆడవాళ్ళు ఆ కొట్టుకి సగం చీరల కోసం, సగం ఆయన మాటల కోసం వస్తారని పేరు. "ఈ రంగు మీకోసమే నేశారండి, మీరు రావడమే ఆలస్యమైంది" అనేవాడు. బేరమాడితే "తగ్గిస్తానండీ, కానీ చీర చిన్నబుచ్చుకుంటుంది" అనేవాడు. ఇంటికొస్తే నా వంట మీదా, నా కోపం మీదా, పక్కింటివాళ్ళ కుక్క మీదా వేళాకోళాలే. ఏడుస్తూ మొదలుపెట్టిన తగువు నవ్వుతూ ముగించాల్సొచ్చేది. తగువైనా తిన్నగా ఆడనివ్వడు కదా అని ఒళ్ళు మండేది నాకు.

అలాంటి మనిషికి కొన్ని నెలలుగా మాట తగ్గిపోయింది. మూగవాడైపోలేదు. అడిగిన దానికి చెప్తాడు.

"కూర ఎలా ఉంది?"

"బాగుంది."

"ఉప్పెక్కువైందా?"

"ఎక్కువైంది."

అంతే. వెనకటి మనిషైతే ఆ ఉప్పు మీద ఒక పూట కచేరీ పెట్టేవాడు. నా మీద కోపమా అని అడిగాను. లేదు హైమా అన్నాడు. నిజంగానే ఆ కళ్ళలో కోపం లేదు. ఏమీ లేదు.

డాక్టరుకి చూపిస్తే పరీక్షలన్నీ చేసి, ఏ జబ్బూ లేదు, నలభై దాటిన మగవాళ్ళలో ఇది మామూలే అన్నాడు. కొట్టు యజమాని నాకు ఫోన్ చేశాడు. "ఏమ్మా, రాజుగారికి ఒంట్లో బాగోదా? చీర పరిచి, రేటు చెప్పి ఊరుకుంటున్నాడు. జనం వెళ్ళిపోతున్నారు. కొన్నాళ్ళు గోడౌన్లో మడతల పనికి వేశాను, మరోలా అనుకోకండి" అన్నాడు. ఇంటికి రాగానే ఆయన్నడిగాను.

"అక్కడ బాగానే ఉంది," అన్నాడు. "మాట్లాడక్కర్లేదు."

మాట్లాడక్కర్లేదని సంతోషించే మనిషితోనా నేను ఇన్నేళ్ళు కాపురం చేసింది? ఇంకెవరైనా ఉన్నారేమోనని కూడా అనుమానం వచ్చింది. ఆ అనుమానం చెప్పుకుని ఎవరి దగ్గర ఏడ్చానో తెలుసా? వసుంధర దగ్గర. "ఛ, బావగారు అలాంటివారు కాదే. అదే సర్దుకుంటుందిలే" అని నా వీపు నిమిరింది.

రెండో విడత పరీక్షలో చూడాల్సింది వేరు. పాత్రతో పరిచయం పెరిగేకొద్దీ అతను తన సంగతులు చెప్తాడా, చెప్పిన దానికి మర్నాడు కట్టుబడి ఉంటాడా అన్నది తేల్చాలి. అందుకని రోజూ పడవెక్కుతున్నాను. అవసరానికి మించే ఎక్కుతున్నాను. ఇంట్లో దొరకని నవ్వు అక్కడ దొరుకుతోంది మరి.

ఒక మధ్యాహ్నం నది మధ్యలో ఉండగా అడిగాను. "పేరు చెప్పి ఎక్కమని అందరికీ అడ్డం పడతావు కదా, నీకెవరైనా అడ్డం పడ్డారా ఎప్పుడైనా?"

"పడకేమండి? పెళ్ళైన రోజు మా అక్క తలుపేసేసింది. మీ ఆవిడ పేరు చెప్పి రారా అంది. చెప్దామని నోరు తెరిచేను. పేరు లేదు! ఎగిరిపోయింది. కంగారులో 'నేనూ, నన్ను భరించబోయే ఆవిడా వచ్చేం, తలుపు తియ్యండి' అనేశాను. ఒకటే చప్పట్లు. ఏం చమత్కారం, ఏం చమత్కారం అని చుట్టాలంతా పొగిడేరు." గెడ ఒకసారి నేలకి తన్ని, గొంతు తగ్గించాడు. "చమత్కారం కాదండి. పేరు మర్చిపోయేను. ఎవరికీ చెప్పకండేం. ఆవిడకొక్కదానికే చెప్పేను, వ్రతం పీటల మీద, చెవిలో. పకాల్న నవ్వేసింది. పంతులుగారు మంత్రం ఆపి మరీ చూసేరు."

నా చేతిలోంచి కంట్రోలర్ జారి కింద పడింది.

గుమ్మంలో అన్న మాట అందరూ విన్నారు. కానీ ఆయన నా పేరు మర్చిపోయాడన్నది లోకంలో ఇద్దరికే తెలుసు. ఆయనకీ నాకూ. వ్రతం పీటల మీద ఎందుకు నవ్వావే అని మా అమ్మ ఎన్నిసార్లడిగినా చెప్పలేదు నేను. పొలమూ బంగారమూ ఏమీ లేని మా సంసారంలో మా ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్న ఆస్తి అది.

తెర మీద సరంగు గెడ వేస్తూనే ఉన్నాడు. "ఏమండీ, నిద్రపోయేరా? నా కథలకి నిద్రపోయినోళ్ళని తిరుగు పడవలో ఊరికే దింపుతాం" అన్నాడు. మొహం వేరు, గొంతు వేరు. మాట మా ఆయనది. ఇన్నాళ్ళూ ఎలా పోల్చుకోలేదో నాకే తెలీదు.

మేడ మెట్లు ఎలా ఎక్కానో తెలీదు. ప్రయోగశాలలో వసుంధర టీ తాగుతోంది. పక్కన ఒక వాలుకుర్చీ, దాని మీద తీగలు కుట్టిన టోపీ.

"ఈ కుర్చీలో మా ఆయన కూర్చున్నాడా?"

కప్పు కింద పెట్టింది. బుకాయించలేదు, అంతవరకు మెచ్చుకోవాలి. "ఏ మాట దగ్గర గుర్తుపట్టేవు?" అంది ఆత్రంగా. "గొంతు మార్చేం కదా, మొహం మార్చేం. ఎలా తెలిసింది?" అంటూ పెన్ను కూడా చేతిలోకి తీసుకుంది!

"పెన్ను కింద పెట్టవే, కంట్లో పొడిచేస్తాను" అన్నాను.

పెట్టింది. అప్పుడు చెప్పుకొచ్చింది. మా ఆయన మధ్యాహ్నం భోజనం వేళల్లో కొట్టు నుంచి వచ్చి, ఆ కుర్చీలో కూర్చుని, టోపీ పెట్టుకుని కబుర్లు చెప్పి వెళ్ళేవాడట. టోపీ పట్టేది మాటల్ని కాదట. మాట పుట్టడానికి ముందు మెదడులో కదిలే కదలికని పడుతుంది. ఎదుటివాళ్ళు అలిగితే ఈయనకి ఏది తడుతుంది, ఎటునుంచి తడుతుంది, ఆ దారి మొత్తం పట్టుకుని ఆటలో నాటేదాకా బిగబట్టి ఉంచుతుందట.

"నాటేక?"

కింద పెట్టిన కప్పుని మళ్ళీ పక్కకి జరిపింది.

"నాటేక ఇక్కడేమవుతుందే?"

"ఇక్కడ ఆ దారి చెరిగిపోతుంది," అంది వసుంధర నేల చూపులు చూస్తూ.

నారు! నారు పీకి తీసుకెళ్ళి చేలో నాటితే, నారుమడిలో ఏం మిగులుతుంది? ఒట్టి బురద. మా ఊళ్ళో పలక పట్టిన పిల్లనడిగినా చెప్తుంది. వసుంధర ఆ పేరు అందానికి పెట్టలేదు, ఏం చేస్తుందో తెలిసే పెట్టింది. నా మొహం మీదే చెప్పింది. పల్లెలో పుట్టిపెరిగిన దాన్ని, పేరు బాగుందే అనేసి వచ్చాను.

"ఆయనకి చెప్పేవా ఈ సంగతి?"

"మాట రికార్డు చేస్తామని చెప్పేను."

"అంటే చెప్పలేదు. నీకు ముందే తెలుసా?"

"మొదట నా మీదే చేసుకున్నాను," అంది. "హాస్టల్లో నేను ఎప్పుడూ పాడుతుండేదాన్ని, గుర్తుందా?"

గుర్తుంది. బట్టలు ఉతుకుతున్నా, రికార్డులు రాస్తున్నా ఏదో ఒక కూనిరాగం. అది ఎప్పుడాగిందో నేను గమనించనేలేదు.

"ఇప్పుడు రావు. ఎవరైనా పాడితే బాగుందని తెలుస్తుంది. నాకై నాకు తట్టదు. అయితే ఏమైంది? బతికే ఉన్నాను. ఉద్యోగం చేసుకుంటున్నాను. పోయినవాళ్ళకి పోయిందని తెలీదు హైమా. బాధుండదు."

"పక్కనున్నవాళ్ళకి ఉంటుందే!" అని అరిచాను. "ఇంకొకటి చెప్పు. ఇంతమంది ఉండగా ఈ ప్యాక్ నాకే ఎందుకిచ్చేవు?"

"నీకంటే ఎవరు తేల్చగలరు?" అంది. ఆ మాటన్నప్పుడు తన మొహంలో సిగ్గు కూడా లేదు. "మేం తీసింది ఒట్టి మాటలేనా, మనిషినా అన్నది ఏ యంత్రం చెప్తుంది? ఆయనతో కాపురం చేసిన మనిషి, ఎవరో తెలీకుండా చూసి, మనిషే అనాలి. నువ్వన్నావు. నీ రిపోర్టు చూసేకే పైవాళ్ళు ఒప్పుకున్నారు."

అదీ సంగతి. ప్యాక్‌ని నేను తూచడం లేదు. నా కాపురాన్ని తూకంరాయి చేసుకుని తన సరుకు తనే తూచుకుంది. తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఇదే. ఆదివారం ఆదివారం నా చేతి పప్పుచారు జుర్రుకుని, బావగారూ బావగారూ అని పిలిచి, నేనేడుస్తుంటే వీపు నిమిరిన చెయ్యి ఇది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళని చూశాను. ఇది వాసాలే పీక్కుపోయింది.

"తీసింది మళ్ళీ ఆయనకి పెట్టు," అన్నాను.

"పెట్టలేం. అటు దారే ఉండదు."

"అయితే ఆ సరంగుని చెరిపెయ్. పనికిరాదని రాస్తాను. ఫెయిల్ చేస్తాను."

"రాయి. నువ్వు ఫెయిలంటే ఆ పాత్రని తీసేసి తీరాలి, రూలు అంతే." నా కళ్ళలోకి చూసింది. "కానీ హైమా, అప్పుడు బావగారి మాట ఇంట్లోనూ ఉండదు, ఆటలోనూ ఉండదు. సోమవారం దాకా ఆలోచించుకో."

మర్నాడు ఆదివారం. పొద్దున్నే ఆయన ఉతికిన బట్టలు మడతపెడుతున్నాడు. గోడౌన్ పని అలవాటై అంచుకి అంచు కలిపి ఎంత బాగా పెడుతున్నాడో. ఎదురుగా కూర్చుని అడిగాను.

"వసుంధర దగ్గరికి ఎందుకెళ్ళేరు?"

"అడిగింది. వెళ్ళేను."

"నాతో ఒక్క ముక్క చెప్పలేదేం?"

ఆలోచించాడు. దాచడానికి కాదు, నిజంగా గుర్తు తెచ్చుకోడానికి. "నువ్వు రోజంతా ఆ ఆటలోనే ఉంటావు కదా. అక్కడ నేను ఎదురుపడితే ఆశ్చర్యపోతావని. నవ్వుతావని."

"వ్రతం పీటల మీది మాట కూడా చెప్పేశారు! మనిద్దరి మాట! రేపు లోకమంతా వింటుంది దాన్ని!"

"ఏ మాట?"

చెప్పాను. అక్క తలుపెయ్యడం, ఆయన తడబడడం, ఆ చప్పట్లు, నా చెవిలో చెప్పిన రహస్యం, ఆపిన మంత్రం. ఏడుస్తూనే అంతా చెప్పాను. ఎవరింట్లోనో జరిగింది విన్నట్టు శ్రద్ధగా విన్నాడు.

"తలుపెయ్యడం గుర్తుంది," అన్నాడు. "నేనేమన్నానో గుర్తులేదు. అలా అన్నానా నేను?"

నాకాయన్ని కొట్టాలనిపించింది. పట్టుకుని ఏడవాలనిపించింది. మా ఇద్దరిదీ అయిన దాన్ని నన్నడగకుండా తీసుకెళ్ళి పరాయివాళ్ళ చేతిలో పోసి వచ్చాడు. ప్రేమ కొద్దీ చేశాడట! ప్రేమైతే మాత్రం? ఉమ్మడి ఆస్తిని ఒక్కడే రాసిచ్చేస్తే దాన్ని ద్రోహం అనరా? నోటికొచ్చినట్టు తిట్టాను. అడ్డం వచ్చి నవ్వించేవాడు లేక, ఆ తిట్లు ఎక్కడ ఆపాలో నాకే తెలీలేదు.

"సరే," అన్నాడు చివరికి. "ఏదో అయింది నాకు. కొట్టులోనూ అంటున్నారు. ఏమైందో నాకు తెలీట్లేదు హైమా. నువ్వు ఏడుస్తున్నావు, అది తెలుస్తోంది." మడతపెట్టిన తువ్వాళ్ళలోంచి ఒకటి తీసి నాకిచ్చాడు.

సోమవారం ఫెయిల్ రాయడానికే వెళ్ళాను. ఒకరి సరదాకి అమ్ముకోడానికి మా ఆయన సరుకా? ఒక్కసారి పడవెక్కి, ఆ సరంగుతో మొహమ్మీద చెప్పి, చెరిపించేద్దాం అనుకున్నాను. విలుకత్తెని ఊళ్ళోనే వదిలేసి ఒక్కదాన్నే రేవులోకి దిగాను.

"పేరు చెప్పి ఎక్కండి. మీ వెంటొచ్చినావిడ..."

"వెంట ఎవరూ రాలేదు."

గెడ పక్కకి తీశాడు. "అయితే ఊరికే ఎక్కండి. ఒంటరిగా వచ్చినోళ్ళని ప్రశ్నలడిగితే పాపమండి."

"నిన్ను చెరిపేయమని రాయబోతున్నాను."

"రాయండి. అక్షరాలు గుండ్రంగా రాయండేం. చెరిపేవాడికి కూడా చెరపబుద్ధి కాకూడదు."

"నవ్వులాట కాదు. నిన్ను మా ఆయనలోంచి పీకి తెచ్చేరు. ఆయన ఇంట్లో మోడులా కూర్చున్నాడు."

గెడ ఆపాడు. పడవ నీళ్ళ మీద ఊరికే ఊగుతోంది.

"ఆయనకి మీ మీద కోపమాండి?"

"కాదు."

"మరి మీకు?"

"చచ్చేంత."

"అయితే ఫర్లేదండి. మా ఆవిడక్కూడా కోపమొస్తే తను మాట్లాడదు, గిన్నెలు మాట్లాడతాయి. గిన్నెలు ఎంత గట్టిగా మాట్లాడితే అన్నం అంత వేడిగా ఉంటుంది. చల్లన్నం పెట్టిన రోజున భయపడతానండి నేను."

నవ్వొచ్చింది. ఎన్ని నెలలైందో అలా నవ్వి. ఆ నవ్వే మధ్యలో ఏడుపయిపోయింది. సరంగు మాటలాపేశాడు. కాసేపు ఊరుకుని, మెల్లగా గొంతు సవరించుకున్నాడు. నేనేడిస్తే మా ఆయన చేసేది కూడా అదే. వేళాకోళం ఆపి, కాసేపు చూసి, గొంతు సవరించుకునేవాడు. అది కూడా పీక్కొచ్చారు.

నా చేత్తో నేనెలా చెరపను? మీరే చెప్పండి.

పాస్ అని రాసి సంతకం పెట్టాను. వసుంధర వచ్చి చదివింది. ఆశ్చర్యమే లేదు తనకి. "నువ్వు చెరపలేవని నాకు తెలుసే" అంది. అంటే మధ్యలో ఒక ఆదివారం మాట పోయిన ఆయనతో ఇంట్లో గడిపి వచ్చేలా గడువిచ్చింది కూడా లెక్క ప్రకారమే. చెంప మీద లాగి ఒక్కటిచ్చాను. తర్వాత పైవాళ్ళకి జరిగిందంతా చెప్పి, ఇంకెవరి నెత్తినా ఆ టోపీ పెట్టకండని మొత్తుకున్నాను. "పాస్ చేసింది మీరే కదమ్మా" అన్నారు. ఉద్యోగం వదిలేసి వచ్చాను.

పొగమంచు రేవు విడుదలైంది. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట వెనకటికొకడు. నేను రాసిన ముక్కనే తీసి ఊరంతా పోస్టర్లు వేశారు: ఇతను బొమ్మ కాదు, మనిషే. సరంగు ఎంతమందికి నచ్చాడో చెప్పలేను. ఆటోవాళ్ళు అతనిలా మాట్లాడుతున్నారు. కూరల మార్కెట్లో బేరమాడితే "తగ్గిస్తానమ్మా, కానీ వంకాయ చిన్నబుచ్చుకుంటుంది" అంటోంది కొట్టామె, తను ఏ ఆటా ఆడకపోయినా. ఎవరో అంటుంటే విందట. వసుంధరకి పెద్ద హోదా వచ్చిందని తెలిసింది. నేనిప్పుడు ఇంట్లో పిల్లలకి లెక్కలు చెప్తున్నాను. ఆయన గోడౌన్‌కి వెళ్ళొస్తున్నాడు. వేళకి తింటాడు, వేళకి పడుకుంటాడు, మాట కటువుగా అనడు. అందరూ అదృష్టవంతురాలివే అంటారు.

మొన్న మా ఆడపడుచు రమ్మంటే ద్రాక్షారం బయల్దేరాం. బస్సులో కాలు పెట్టే చోటు లేదు. మా ఇద్దరికీ ఎలాగో సీటు దొరికింది. మా పక్కనే ఒక కాలేజీ పిల్ల, బస్తా పట్టుకున్న ఒక భారీ మనిషికీ కడ్డీకీ మధ్య నలిగిపోతోంది. కాసేపు ఓర్చుకుని, తలెత్తి, "కాస్త జరగండి బాబాయ్, ఒక్క ఊపిరి పీల్చుకుని మళ్ళీ మీకే ఇచ్చేస్తాను" అంది.

బస్సంతా గొల్లుమంది. ఆ బాబాయి కూడా నవ్వుతూ జరిగాడు.

మాకు పెళ్ళైన కొత్తలో ఇదే దారిలో, ఇలాంటి రద్దీలోనే, నాకు నిలబడే చోటు కోసం ఆయన ఒక పెద్దమనిషితో అన్న మాట అది. అక్షరం పొల్లుపోలేదు.

పక్కకి తిరిగి చూశాను. మా ఆయన నవ్వుతున్నాడు. భుజాలు ఊగిపోతున్నాయి. కళ్ళు తుడుచుకుని నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"విన్నావా? ఊపిరి పీల్చుకుని మళ్ళీ ఇచ్చేస్తుందట! ఎవరికి తడతాయే ఇలాంటివి?"

"మీకే," అన్నాను. "అది మీ మాటేనండీ."

నా మొహంలోకి చూశాడు, ఎందుకలా అంటున్నానో అర్థం కానట్టు.

"ఊరుకో హైమా. నాకెక్కడివి అలాంటి మాటలు," అని, ఆ పిల్ల ఇంకేమంటుందోనని అటువైపు వంగి చెవి పెట్టి కూర్చున్నాడు.